ఇంటి సర్వరు మొరాయిస్తే ముందు ఎక్కడ చూడాలి?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే వ్యాసం రాయమని కమిటీ తమ్ముళ్ళు అడిగినప్పుడు, కవితలు నాకు చేతకావని ముందే చెప్పేశాను. నాకు వచ్చిన పని కంప్యూటర్లు బాగుచేయడం. అందులోనూ నాలుగు నెలలపాటు నన్ను సరిగ్గా నిద్రపోనివ్వని ఒక పెట్టె గురించి రాస్తే ఇప్పుడు హాస్టల్లో ఉంటున్న మీకూ, ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకూ ఉపయోగంగా ఉంటుందనిపించింది. పైగా ఆ పెట్టెలో ఉన్నవి నా ఒక్కడివి కావు, మనందరివీ.

సంగతేమిటంటే, 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫోటోస్‌లో ఎన్ని ఫోటోలైనా ఉచితంగా దాచుకునే వీలు పోయింది. ఫోటోలూ మెయిళ్ళూ అన్నీ కలిపి 15 జీబీ వరకే ఉచితం. అప్పటికే మన బ్యాచ్‌ల పాత ఫోటోలు, వార్షికోత్సవాల వీడియోలు, చాలామంది పదో తరగతి మెమోలు, టీసీలు, కుల ధ్రువీకరణ పత్రాల స్కాన్ కాపీలు కలిపి 600 జీబీ దాటాయి. ఇప్పుడు చదువుకునే మీకు డిజిలాకర్ ఉంది, అది 2015లో మొదలైంది. మా కాలం వాళ్ళకు ట్రంకు పెట్టె అడుగున న్యూస్ పేపరు కింద పెట్టిన మెమో ఒక్కటే ఆధారం. అది చెదలు పట్టకముందే స్కాన్ చేయించుకున్నవాళ్ళు అదృష్టవంతులు.

నెలనెలా డబ్బు కట్టి క్లౌడ్‌లో దాచుకోవచ్చు. ఎవరు కట్టాలన్న దగ్గర మాట ఆగిపోయింది. అందుకని ఒక ఆఫీసు వాళ్ళు తీసేసిన పాత డెస్క్‌టాప్ కొన్నాను. దానికి నాలుగు హార్డ్ డిస్కులు పెట్టి, ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించి, నరసరావుపేటలో మా ఇంట్లో మెట్ల కింద పెట్టాను. దీన్నే స్టోరేజి సర్వరు అంటారు. దానికి మానిటరు ఉండదు, కీబోర్డు ఉండదు. రాత్రీపగలూ ఆన్‌లో ఉండి, అడిగినవాళ్ళకు ఫైళ్ళు ఇస్తుంది, ఇచ్చిన ఫైళ్ళు దాచుకుంటుంది. హాస్టల్లో స్టోర్ రూము లాంటిదనుకోండి. పాస్‌వర్డు లేనిదే తలుపు తీయదు.

రెండేళ్ళు బాగానే నడిచింది. మూడో వేసవిలో మొదలైంది గొడవ. ఉన్నట్టుండి ఆగి మళ్ళీ ఆన్ అయ్యేది. నాలుగు డిస్కుల్లో ఒకటి మాయమయ్యేది, రీస్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ కనిపించేది. ఇవన్నీ ఓర్చుకున్నాను గానీ, ఒకరోజు మాచర్ల నుంచి మా బ్యాచ్ వాడు ఫోన్ చేసి, "పదో తరగతి గ్రూప్ ఫోటో సగమే వస్తోందిరా, కింద అంతా బూడిద రంగు" అన్నాడు. తెరిచి చూశాను. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు ఉన్నారు. ముందు నేల మీద కూర్చున్న వరస లేదు. ఆ వరసలో ఎడమ చివర కూర్చున్నవాడు ఇప్పుడు మన మధ్య లేడు.

నేను చేసిన తప్పులు

అందరూ చేసే తప్పే ముందు నేనూ చేశాను. డిస్కు పోయిందనుకుని ఏడు వేలకు పైగా పెట్టి కొత్తది కొన్నాను. పదిరోజుల్లో కొత్త డిస్కూ మాయమవడం మొదలుపెట్టింది. తర్వాత సాఫ్ట్‌వేరు తప్పేమోనని రెండుసార్లు మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాను. రెండు ఆదివారాలు వృథా. కంప్యూటర్లు బాగుచేసి బతికే మనిషిని కదా, వేరేవాళ్ళ పెట్టె అయితే ఇంత తొందరపడేవాణ్ణి కాదు. మన ఇంటి జ్వరానికి మనమే కంగారు పడతాం.

చివరికి బుద్ధి తెచ్చుకుని, వార్డెన్ సార్ హాజరు పట్టీ గుర్తొచ్చి, ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి గళ్ళు కొట్టాను. తేదీ, టైము, ఏం జరిగింది, ఆ సమయానికి కరెంటు ఉందా, డిస్కుల వేడి ఎంత, ఆరోజు నేను ఏం మార్చాను. అంతే. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక కనీసం వారం ఆగాలి అని పై పేజీలో రాసుకున్నాను. రెండు కలిపి మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలియదు, బాగవకపోయినా తెలియదు.

మూడు వారాలకు ఆ పట్టీ నాకు ఒక విషయం చూపించింది. పెట్టె ఆగిపోయి మళ్ళీ ఆన్ అయింది పదిహేడు సార్లు. అందులో పద్నాలుగు సాయంత్రం ఆరున్నర తొమ్మిది మధ్య, లేదా కరెంటు పోయి వచ్చినప్పుడు. డిస్కు మాయమవడానికి మాత్రం టైముతో పనిలేదు. పెద్ద వీడియోలు కాపీ చేసినప్పుడల్లా జరిగేది. మాయమయ్యేది ఏ డిస్కు అని కాదు, ఎప్పుడూ మూడో గదిలో ఏది ఉంటే అది. ఫోటోలు చెడిపోవడం ఈ రెండింటితోనూ కలవలేదు. ఒక్క జబ్బు అనుకున్నది మూడు జబ్బులు! మూడూ ఒకే వేసవిలో బయటపడ్డాయి కాబట్టి నేను ఒకదాని లక్షణానికి ఇంకోదాని మందు వేస్తూ వచ్చాను.

వైద్యానికి ముందు

ఒక జాగ్రత్త చెప్పి ముందుకు వెళ్తాను. పెట్టె మొరాయిస్తున్నప్పుడు రిపేరు మొదలుపెట్టకముందే అందులోని వస్తువులు బయట పెట్టాలి. ఇల్లు కారుతుంటే ముందు ధాన్యం బస్తాలు జరుపుతాం, తర్వాతే కదా పైకప్పు సంగతి. అయితే రోగంతో ఉన్న ఆ పెట్టెతోనే కాపీ చేయించకూడదు. నేను ప్రతి జత నుంచి ఒక డిస్కు ఊడదీసి, షాపులో ఆరోగ్యంగా ఉన్న ఇంకో కంప్యూటరుకు తగిలించి, చదవడానికి మాత్రమే వీలయ్యేలా తెరిచి, వేరే డిస్కులోకి కాపీ తీశాను. ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ఎఫ్ఎస్‌సికె లాంటి కమాండ్లు కూడా కారణం తెలిసేదాకా ముట్టుకోవద్దు. మెమరీ చెడిపోయి ఉంటే అది సరిచేయబోయి మరింత పాడుచేస్తుంది.

మొదటి జబ్బు: కరెంటు

సర్వరు తన డైరీ తనే రాసుకుంటుంది, దాన్ని లాగ్ అంటారు. ఆగిపోయిన క్షణానికి ముందు ఆ డైరీలో ఏముందో చూడాలి. ఎర్రర్లు ఏవో రాసి ఆగితే ఒక అర్థం. మాట మధ్యలో కలం లాక్కున్నట్టు, ఏ ఎర్రరూ లేకుండా తెగిపోతే ఎక్కువసార్లు అది కరెంటు పనే. నా లాగ్ ప్రతిసారీ అలాగే తెగింది.

"ఇన్వర్టర్ ఉంది కదా, కరెంటు సమస్య ఎందుకుంటుంది" అని నేనూ అనుకున్నాను. ఇక్కడే ఒక కిటుకు ఉంది. మన ఇళ్ళల్లో చాలా ఇన్వర్టర్లకు వెనకవైపు చిన్న స్విచ్ ఉంటుంది. ఒకవైపు ఎకో లేదా నార్మల్ అనీ, ఇంకోవైపు యూపీఎస్ అనీ రాసి ఉంటుంది. ఎకోలో ఉంటే వోల్టేజి సుమారు 100 దాకా పడిపోయినా అదే కరెంటును ఇంట్లోకి వదులుతుంది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీదికి మారడానికి కూడా ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఫ్యాన్లకూ లైట్లకూ అది చాలు. కంప్యూటరులోని ఎస్‌ఎంపిఎస్ మాత్రం కరెంటు ఆగితే సెకనులో అరవయ్యో వంతు వరకే ఓర్చుకుంటుంది. యూపీఎస్ వైపు పెడితే సుమారు 180 వోల్టుల కింద, 260 పైన కరెంటును లోపలికి రానివ్వదు, మారడం కూడా దాదాపు సెకనులో వందో వంతులో అయిపోతుంది. మా ఇన్వర్టరు కొన్న రోజు నుంచీ ఎకోలోనే ఉంది! ఆ స్విచ్ అటు నొక్కడానికి రూపాయి ఖర్చు కాలేదు. పదిహేడులో సగం ఆగిపోవడాలు ఆ ఒక్క స్విచ్‌తో పోయాయి.

మిగతా సగం ఎస్‌ఎంపిఎస్‌ది. 230 వోల్టుల కరెంటును తీసుకుని 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు పంచేది అదే. మెస్‌లో వడ్డించేవాడి లాంటిది. పెద్ద సైజు హార్డ్ డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల దగ్గర సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. నాలుగు డిస్కులు ఒక్కసారి లేస్తే 8 ఆంపియర్లు, అంటే 96 వాట్లు, డిస్కులకే. ఆ పాత డెస్క్‌టాప్ తయారైంది ఒక్క డిస్కు కోసం. పసుపు వైరు 12 వోల్టులది, ఎరుపు 5 వోల్టులది, నలుపు గ్రౌండ్. మల్టీమీటరు పెట్టి చూస్తే 12కి అటూ ఇటూ అయిదు శాతం వరకు పర్వాలేదు, అంటే 11.4 కంటే తగ్గకూడదు. డిస్కులు లేచేటప్పుడు నాది 11.2 చూపించింది. మూత విప్పకుండానే జాలీలోంచి టార్చి వేసి చూస్తే రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. ఎస్‌ఎంపిఎస్ మూత మాత్రం మీరెవరూ విప్పకండి. ప్లగ్గు పీకేసినా లోపల ప్రాణం తీసేంత కరెంటు కొంతసేపు నిలవ ఉంటుంది. స్టిక్కరు మీద వాట్లు చూసి కాదు, 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి మంచి కంపెనీది కొత్తది కొన్నాను.

ఎర్తింగ్ గురించి కూడా ఒక మాట. పెట్టె ఇనుప ఒంటిని ముట్టుకుంటే వేళ్ళకు జివ్వుమంటోందని మా ఆవిడ ఎప్పటినుంచో అంటోంది, నేను వినలేదు. మా వీధి ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి మీటరు పెట్టి చూసి, "ఏంది తమ్ముడూ, లక్ష రూపాయల సామాను పెట్టుకుని ఎర్త్ గుంతలో చెంబెడు నీళ్ళు పోయలేదా?" అన్నాడు. లక్ష కాదులెండి, అంతా కలిపి పాతిక వేలు. మన పల్నాడు నేల వేసవిలో ఎట్లా ఎండిపోతుందో మీకు చెప్పక్కర్లేదు. తడి లేని నేల కరెంటును తీసుకోదు. ఉప్పూ బొగ్గూ వేసిన గుంత అయినా ఎండాకాలంలో నీళ్ళు పోస్తుంటేనే పనిచేస్తుంది. గోడ ప్లగ్గుల దగ్గర పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

రెండో జబ్బు: యాభై రూపాయల వైరు

ప్రతి హార్డ్ డిస్కూ తన ఆరోగ్యం లెక్క తనే రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. స్మార్ట్‌సిటిఎల్ అనే కమాండుతో చదవొచ్చు. ముప్పై వరసలు వస్తాయి, చూసి భయపడొద్దు. నాలుగు వరసలు చాలు. 5వ నంబరు, డిస్కు పాడైపోయిన చోట్లను పక్కనపెట్టి ఎన్నిసార్లు వేరే చోటు ఇచ్చిందో చెబుతుంది. 197, 198 నంబర్లు చదవలేకపోతున్న చోట్ల లెక్క. ఈ మూడూ సున్నా ఉండాలి, పెరుగుతుంటే డిస్కును నమ్మొద్దు. 199వది వేరు. అది డిస్కు జబ్బు కాదు, డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో మాట ఎన్నిసార్లు తారుమారైందో చెప్పే లెక్క.

నేను కొత్త డిస్కు కొనకముందు చూడాల్సింది ఇదే. పాత డిస్కులో 5, 197, 198 మూడూ సున్నాలే. 199 దగ్గర మాత్రం 212 ఉంది. మూడో గదికి వచ్చే సాటా కేబుల్ కేబినెట్ తలుపుకు నొక్కుకుని మడతపడి ఉంది. తారుమారైన మాటను డిస్కు గుర్తుపట్టి మళ్ళీ అడుగుతుంది, కాబట్టి దీనివల్ల ఫైళ్ళు చెడవు. కానీ అడిగీ అడిగీ విసిగి సర్వరు ఆ డిస్కును పక్కన పెట్టేస్తుంది. అదే నాకు మాయమైనట్టు కనిపించింది. క్లిప్పు ఉన్న కొత్త కేబుల్ వేశాను. 199 లెక్క వెనక్కి తగ్గదు, ఆ 212 చచ్చేదాకా అలాగే ఉంటుంది. పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. పెరగలేదు. ఏడు వేల డిస్కు పని యాభై రూపాయల వైరు చేసింది.

అలాగని స్మార్ట్ లెక్క బాగుంటే డిస్కు బాగున్నట్టే అనుకోవద్దు. లక్షకు పైగా హార్డ్ డిస్కుల మీద గూగుల్ ఇంజనీర్లు చేసిన పరిశీలన 2007లో అచ్చయింది. చదవలేని చోటు మొదటిసారి బయటపడ్డ డిస్కు అరవై రోజుల్లోపు పోయే అవకాశం మిగతా వాటికంటే 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. అదే పరిశీలనలో, పోయిన డిస్కుల్లో నూటికి 36కి పైగా స్మార్ట్ లెక్కల్లో ముందస్తు సూచన ఏదీ ఇవ్వకుండానే పోయాయి.

మూడో జబ్బు: మెమరీ

ఫోటోలను చెడగొట్టింది ఇది. అన్నిటికంటే ప్రమాదమైంది కూడా ఇదే, ఎందుకంటే చప్పుడు చేయదు. డిస్కుకు వెళ్ళే ప్రతి అక్షరమూ ముందు ర్యామ్‌లో కూర్చుని వెళ్తుంది. అక్కడ తప్పు పడితే ఆ తప్పే నీటుగా డిస్కు మీదికి ఎక్కుతుంది.

నా నాలుగు డిస్కులు రెండు జతలు. జతలో రెండూ ఒకే రాత రాస్తాయి. దీనికి రెయిడ్ అని పేరు. 1988లో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ అనే ముగ్గురు రాసిన పత్రంతో ఆ పేరు ప్రచారంలోకి వచ్చింది. ఒక డిస్కు పోతే రెండోది ఆదుకుంటుంది, నిజమే. కానీ స్టడీ అవర్‌లో సార్ నోట్సు చెబుతుంటే ఇద్దరం పక్కపక్కన కూర్చుని రాసుకున్నట్టు ఊహించండి. ఒకడి నోట్సు పోతే రెండోవాడిది ఉంటుంది. సార్ నోటివెంటే తప్పు వస్తే? ఇద్దరి పుస్తకాల్లోనూ అదే తప్పు. గ్రూప్ ఫోటోను ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకు మార్చిన రోజు జరిగింది అదే.

పరీక్ష చేయడం తేలిక. మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాంను పెన్‌డ్రైవులో ఎక్కించి దానితోనే కంప్యూటరు ఆన్ చేసి రాత్రంతా వదిలేయాలి. ఒక్క ఎర్రరు వచ్చినా సరే ఆ మెమరీని నమ్మకూడదు. "ఒకటే కదా" అనొద్దు. నాకు తెల్లారేసరికి 43 ఉన్నాయి. రెండు ర్యామ్ కార్డులు ఉంటే ఒక్కొక్కటే పెట్టి పరీక్షిస్తే దొంగ ఎవరో తెలుస్తుంది. పెన్సిలు రబ్బరుతో బంగారు రంగు పళ్ళను మెల్లగా రుద్ది మళ్ళీ పెడితే ఒక్కోసారి బాగవుతుంది, ఈ చిట్కా మన రిపేరు షాపుల్లో అందరికీ తెలిసిందే. నాది బాగవలేదు. కార్డు తీసేసి వేరేది వేశాను. ఇదేమీ అరుదైన జబ్బు కాదు. 2009లో అచ్చయిన ఇంకో గూగుల్ పరిశీలనలో, వాళ్ళ కంప్యూటర్లలో దాదాపు మూడింట ఒక వంతు ఏడాదిలో కనీసం ఒక్క మెమరీ తప్పయినా చేశాయి. పెద్ద సర్వర్లలో తప్పు పడితే సరిదిద్దుకునే ఇసిసి మెమరీ ఉంటుంది, మన పాత డెస్క్‌టాప్‌లలో ఉండదు. మెమరీ మార్చాక నేను డిస్కులను కూడా జెడ్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలోకి మార్చాను. సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ళు 2005లో దాని ప్రోగ్రామును అందరికీ విడుదల చేశారు. రాసిన ప్రతి ముక్కకూ ఒక గుర్తు కట్టి పెట్టుకుంటుంది కాబట్టి, డిస్కు మీద పడున్న ఫైలు తర్వాత ఎప్పుడైనా చెడితే నెలవారీ తనిఖీలో అదే చెబుతుంది.

వేడి గురించి అందరూ అడుగుతారు. వేసవి వస్తే రెంటచింతల పేరు పేపర్లో పడే ప్రాంతం మనది. తయారీదారులు సాధారణంగా 60 డిగ్రీల దాకా పర్వాలేదంటారు, మే నెలలో నా డిస్కులు 52 చూపించాయి. మెట్ల కింద నుంచి తీసి గాలి ఆడే చోట పెడితే 44కి దిగాయి. పిడుగురాళ్ళలో సున్నం బట్టీల దగ్గర ఉండే మన తమ్ముడొకడు తెచ్చిన కంప్యూటరు విప్పితే ఫ్యాను రెక్కలు పిండిలో ముంచినట్టున్నాయి. అక్కడివాళ్ళు నెలకోసారి బ్రష్షుతో దులపండి.

ఒక్క చోట ఉంటే లేనట్టే

ఇంత చేసినా పిడుగు పడితే, దొంగ ఎత్తుకెళ్తే నాలుగు డిస్కులూ ఒకేసారి పోతాయి. రాజ్ రెడ్డి గారి చొరవతో వచ్చిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టు కింద, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు పాలుపంచుకుని వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో పెట్టాయి. తర్వాతి కాలంలో ఆ సైటు మూతపడింది. వాటిలో చాలా పుస్తకాలు ఈనాటికీ మనం చదువుకోగలుగుతున్నామంటే, వేరేవాళ్ళు కాపీ తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టడం వల్లనే. ఇప్పుడు మన ఫోటోల కాపీ ఒకటి నా దగ్గర, ఇంకొకటి మాచర్లలో మా బ్యాచ్ వాడి బీరువాలో కరెంటుకు తగిలించకుండా ఉంచిన డిస్కులో ఉంది. మూడు నెలలకోసారి వాడు బస్సెక్కి తెస్తాడు, కొత్తవి ఎక్కించి పంపుతాను.

ఇక ఆ గ్రూప్ ఫోటో. సర్వరులో రెండు డిస్కుల్లోనూ సగమే ఉంది. గురజాల దగ్గర ఊళ్ళో ఆ ఎడమ చివరివాడి వాళ్ళ అమ్మ ఉంటుంది. వెళ్ళి అడిగితే, గోడకున్న ఫ్రేము దించి చీర కొంగుతో తుడిచి ఇచ్చింది. "రేపటికల్లా తెచ్చి మళ్ళీ తగిలించాలి నాయనా" అంది. షాపులో స్కాన్ చేసి మర్నాడే తీసుకెళ్ళి తగిలించి వచ్చాను. ఆ ఫోటో ఇప్పుడు నిండుగా ఉంది.

అన్నిటికీ అలా కుదరలేదు. మెమరీ పాడైన ఆ కాలంలో ఫోల్డర్లు మార్చినవి తెరిచి చూస్తే మొత్తం 41 ఫోటోలు సగమో పావో పోయాయి. ఎక్కువ భాగం 1998, 1999 వార్షికోత్సవాలవి: కబడ్డీ పోటీలు, మెస్ ముందు తీసిన వంటవాళ్ళ ఫోటో, పాత బిల్డింగు గేటు. వాటి జాబితా హాస్టల్ నోటీసు బోర్డులో పెట్టించాను. మీ ఇళ్ళల్లో ఆల్బమ్‌లలో గానీ ట్రంకు పెట్టెల్లో గానీ అవి ఉంటే వార్షికోత్సవం రోజున పట్టుకురండి. స్కానర్ తెస్తాను, అరగంటలో మీ ఫోటో మీకు తిరిగి ఇచ్చేస్తాను.